మంటను పెంచిన గాజు, బల్బును దాచిన ఇత్తడి

దీపంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి వెలుగునిచ్చే మూలం, అంటే వత్తి, కొవ్వొత్తి, గ్యాసు మంట, బల్బు వంటిది. రెండోది ఆ వెలుగు ఎటు పోవాలో, ఎంత పోవాలో, కంటికి ఎలా తగలాలో నిర్ణయించే గాజు, లోహపు నిర్మాణం. మొదటిది కాలిపోతుంది, మాడిపోతుంది, కాలం మారినప్పుడు మాయమవుతుంది. రెండోది వందేళ్లు దాటినా మిగులుతుంది. పాత దీపాలను సేకరించేవారి చేతికి వచ్చేది ఎప్పుడూ ఈ రెండో భాగమే కనుక, అది ఏ మూలం కోసం తయారైందో తెలియకుండా దాని వయసును గానీ, విలువను గానీ, అందాన్ని గానీ సరిగా అంచనా వేయడం సాధ్యం కాదు. ఈ సంగతిని కళ్లారా చూసి నేర్చుకోవడానికి దక్కనులో హైదరాబాద్ పాతబస్తీని మించిన చోటు లేదు.

18వ శతాబ్దపు నడుమ మొదలై, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పాలించిన 1857–1869 మధ్యకాలంలో పూర్తయిన చౌమహల్లా ప్యాలెస్ చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉంది. అందులోని ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు హాలులో, తఖ్త్-ఎ-నిషాన్ అని పిలిచే పాలరాతి సింహాసన వేదిక చుట్టూ 19 బెల్జియం స్ఫటిక షాండ్లియర్లు వేలాడుతున్నాయి. పునరుద్ధరణ తర్వాత వాటిని తిరిగి యథాస్థానంలో అమర్చారు. దక్షిణాన గుట్టమీద ఉన్న ఫలక్‌నుమా ప్యాలెస్‌కు 1884లో సంస్థానపు ప్రభువర్గీయుడు వికారుల్ ఉమ్రా పునాది వేయగా, 1897లో అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లోని ఓస్లర్ సంస్థ తయారుచేసిన 138 కొమ్మల షాండ్లియర్లు అక్కడి ప్రత్యేకత. మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు సామగ్రి గదుల నిండా ఉంది. 1951లో దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో ఇప్పటి భవనానికి తరలిన ఈ మ్యూజియం, మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన వస్తువులపై నిలబడినది. ఇవి గాక, ఉర్దూలో ఝూమర్, ఫానూస్, హండీ అని పిలిచే వేలాడే దీపాలు పాతబస్తీలోని ఆషుర్‌ఖానాల్లోను (మొహర్రం సంతాప మందిరాలు), పాత దేవిడీల్లోను (ప్రభువుల భవంతులు) కనిపిస్తూనే ఉంటాయి.

ఇన్ని స్ఫటిక దీపాల వెనుక ఉన్న అసలు సమస్య చాలా చిన్నది: కొవ్వొత్తి వెలుగు ఏ మూలకూ చాలదు. ఒక మూలం నుంచి అన్ని దిక్కులకూ వెలువడే మొత్తం కాంతిని ల్యూమెన్లలో కొలుస్తారు. మామూలు కొవ్వొత్తి ఇచ్చేది సుమారు 12.6 ల్యూమెన్లు, 60 వాట్ల పాతకాలపు బల్బు ఇచ్చేది దాదాపు 700. ఈ లెక్కన 138 కొమ్మలున్న షాండ్లియర్‌లో కొమ్మకొక కొవ్వొత్తి వెలిగించినా వచ్చే మొత్తం కాంతి 1,740 ల్యూమెన్లకు మించదు, అంటే 60 వాట్ల బల్బులు మూడింటికంటే తక్కువే. నేడు వంటింట్లో బిగించే 20 వాట్ల ఎల్ఇడి ట్యూబ్‌లైటు ఇంచుమించు అంత వెలుగూ ఒక్కటే ఇస్తుంది. అయినా షాండ్లియర్ వెలిగిన దర్బారును చూసినవారు ధగధగలు అన్నారే గాని మసక అనలేదు. ఎందుకంటే కంటిని ఆకట్టుకునేది మొత్తం కాంతి మాత్రమే కాదు, చీకటి నేపథ్యంలో మెరిసే సూక్ష్మ బిందువులు కూడా. గాజు చేసే పని కొత్త కాంతిని పుట్టించడం కాదు. ఉన్న ఒక్క మంటకు వందల ప్రతిబింబాలు సృష్టించి, వాటిని గది నిండా వెదజల్లడం.

ఈ పనికి అనువైన గాజు 17వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. ఇసుక, సోడా, సున్నం కరిగించి చేసే మామూలు గాజుకు బదులుగా, సీసపు ఆక్సైడును కలిపి గాజు చేసే పద్ధతికి ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో పేటెంటు పొందాడు. వాడుకలో క్రిస్టల్ లేదా స్ఫటికం అనే ఈ గాజు నిజానికి స్ఫటికం కాదు. గాజులో పరమాణువులు ఒక క్రమంలో పేర్చి ఉండవు. 1969లో యూరప్ దేశాలు చేసుకున్న నిబంధన ప్రకారం 24 శాతం సీసపు ఆక్సైడు ఉంటేనే దాన్ని లెడ్ క్రిస్టల్ అనాలి, 30 శాతం ఉంటే అది మేలురకం. సీసం చేరడం వల్ల గాజు వక్రీభవన గుణకం, అంటే కాంతి వేగాన్ని అది ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే సంఖ్య, 1.52 నుంచి 1.55 దాటి పెరుగుతుంది. సంఖ్యగా చూస్తే ఈ తేడా స్వల్పం. గాజు ముఖం మీద నిటారుగా పడిన కాంతిలో మామూలు గాజు నూటికి 4 పాళ్లకు కాస్త ఎక్కువగా వెనక్కి పంపితే, సీసపు గాజు 5 పాళ్లకు దగ్గరగా పంపుతుంది, అంతే. కనుక సీసపు గాజు మెరుపంతా వక్రీభవనం వల్లనే వచ్చిందని చాలా పుస్తకాలు రాసే మాట సగం నిజమే. సీసం చేసిన పెద్ద మేలు వేరే ఉంది. అది గాజును మెత్తబరుస్తుంది, కొలిమి నుంచి తీసిన తర్వాత ఎక్కువసేపు సాగే గుణం ఇస్తుంది, చల్లారాక సానరాయి మీద లోతుగా కోసి నున్నగా మెరుగు పెట్టడానికి వీలిస్తుంది. మెరుపు ఆ సానలో ఉంది.

చౌమహల్లా షాండ్లియర్‌కు వేలాడే ఒక్క లోలకాన్ని దగ్గరగా పరిశీలిస్తే ఈ విషయం అర్థమవుతుంది. దాని ముందు, వెనుక ముఖాలు సమాంతరంగా ఉండవు. అంచుల్లో ఏటవాలుగా సానబట్టిన పట్టెలు ఉంటాయి. ముందునుంచి లోపలికి వెళ్లిన కాంతి వెనుక పట్టెను సుమారు 41 డిగ్రీలకు మించిన కోణంలో తాకితే బయటికి పోలేక పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. దీన్ని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. ఆ 41 డిగ్రీలను సందిగ్ధ కోణం అంటారు. సీసపు గాజులో ఆ కోణం 40కి చేరువ అవుతుంది కనుక మళ్లే కిరణాల పాలు కొద్దిగా పెరుగుతుంది. పట్టెల మధ్య కోణం వల్ల బయటికి వచ్చిన కిరణంలో ఎరుపు, నీలం కొద్దిగా విడిపోతాయి. దీనికి విక్షేపణం అని పేరు. చూసేవాడు ఒక అడుగు పక్కకు జరిగితే ఒక పట్టె ఆరి, మరొకటి ఎర్రగానో నీలంగానో వెలుగుతుంది. కొవ్వొత్తి మంట కదిలినప్పుడు ప్రేక్షకుడు కదలకుండానే ఇది జరుగుతుంది. మంట చిన్నదైన కొద్దీ ప్రతిబింబం పదునుగా ఉండి, రంగులు స్పష్టంగా విడిపోతాయి. మంట వెడల్పైతే ఒక ప్రతిబింబపు ఎరుపు మరొకదాని నీలంమీద పడి తిరిగి తెలుపే మిగులుతుంది. ఈ ఒక్క నియమాన్ని గుర్తుపెట్టుకోవాలి, తర్వాతి కథంతా దీనిమీదే నడుస్తుంది.

కొవ్వొత్తి నుంచి గ్యాసుకు, గ్యాసు నుంచి కరెంటుకు మారిన చరిత్ర షాండ్లియర్ కొమ్మల్లోనే రాసి ఉంటుంది. కొవ్వొత్తి కోసం చేసిన గాజు కొమ్మ లోపల గట్టిగా, పూడ్చినట్టుగా ఉంటుంది. దాని చివర మైనం జారి కింద పడకుండా ఆపే చిన్న గాజు పళ్లెం, పైన కొవ్వొత్తి నిలిచే గిన్నె ఉంటాయి. మొదలును ఇత్తడి గిన్నెలో ప్యారిస్ ప్లాస్టరుతో బిగిస్తారు. గ్యాసు కోసం చేసినదానిలో కొమ్మ బోలుగా ఉండి, గ్యాసును అడ్డుకునే చిన్న ఇత్తడి మర కనిపిస్తుంది. కరెంటు కోసం చేసినదీ బోలుగానే ఉంటుంది, అయితే అందులో పోయేది వైరు కనుక మరతో పనిలేదు. గట్టి కొమ్మకు బయటినుంచి వైరు చుట్టి ఉన్నా, పళ్లెం మధ్యలో డ్రిల్లుతో చేసిన, అంచులు పెచ్చులూడిన రంధ్రం ఉన్నా అది కొవ్వొత్తి దీపమే, తర్వాత మార్చినదే. 1807లో స్థాపితమై, 1851 లండన్ మహా ప్రదర్శనలో 27 అడుగుల స్ఫటిక ఫౌంటెన్‌ను నిలబెట్టి ప్రపంచ ఖ్యాతి పొందిన ఓస్లర్ సంస్థ కలకత్తాలో దుకాణం నడిపింది; భారతదేశపు సంస్థానాధీశుల భవనాలకు అది దీపాలు పంపింది. ఫలక్‌నుమాలోని భారీ విద్యుత్ స్విచ్‌బోర్డు ఆ మార్పుకు సాక్ష్యంగా నేటికీ ఉంది.

కరెంటు బల్బు వచ్చాక సమస్య తలకిందులైంది. కొవ్వొత్తి మంటను కంటితో నేరుగా చూడవచ్చు. పారదర్శకమైన బల్బులో వెలిగే టంగ్‌స్టన్ ఫిలమెంటు, అదే వైశాల్యంలో మంటకంటే వందల రెట్లు తీవ్రంగా ఉంటుంది. దాన్ని చూసిన కన్ను కొన్ని క్షణాలు వేరే ఏదీ చూడలేదు. వెలుగును పెంచడం కాదు, మూలాన్ని దాచడం దీపపు పని అయింది. ఈ ప్రశ్నకు అన్నింటికంటే పట్టుదలగా జవాబు వెతికినవి ఉత్తర యూరప్‌లోని స్కాండినేవియా దేశాలు, వాటి పొరుగున ఉన్న ఫిన్లండ్; వీటిని కలిపి నార్డిక్ దేశాలు అంటారు. ఆ పట్టుదలకు కారణం వాటి ఆకాశంలోనే ఉంది. 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్న స్టాక్‌హోమ్‌లో డిసెంబరు నెలలో పగలు సుమారు 6 గంటలే. 17 డిగ్రీల వద్ద ఉన్న హైదరాబాద్‌లో అదే నెలలో పగలు 11 గంటలకు పైగా ఉంటుంది. అక్కడ దీపం పండుగనాటి అలంకారం కాదు, చలికాలమంతా మనిషి కళ్లెదుట ఉండే వస్తువు.

డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్ (1894–1967) ఈ సమస్యను జ్యామితితో పరిష్కరించాడు. 1926లో లూయీ పౌల్సెన్ సంస్థ అమ్మకానికి తెచ్చిన అతని మూడు గొడుగుల దీపంలో ప్రతి గొడుగు వంపూ లాగరిథమిక్ సర్పిలంలోని ఒక ముక్క. కేంద్రం నుంచి గీసిన ప్రతి రేఖతోనూ ఒకే కోణం చేస్తూ పెరిగే వక్రాన్ని లాగరిథమిక్ సర్పిలం అంటారు; బల్బును ఆ కేంద్రంలో ఉంచితే కిరణాలన్నీ గొడుగును ఒకే కోణంలో తాకి, వెలుగు సమంగా పరచుకుంటుంది, ఫిలమెంటు మాత్రం ఏ దిక్కునుంచి చూసినా కంటబడదు. గొడుగులకు వాడిన పాలగాజు మరో శాస్త్రం. ఆ గాజులో వేరే వక్రీభవన గుణకం ఉన్న అతిసూక్ష్మ కణాలు చెల్లాచెదురై ఉండటం వల్ల కిరణం తిన్నగా పోక అన్ని దిక్కులకూ చెదురుతుంది. పాల తెలుపుకు కారణమూ ఇదే సూత్రం. 1958లో వచ్చిన అతని ఆర్టిచోక్ దీపంలో 12 వరసల్లో 72 లోహపు రేకులు అమర్చి ఉంటాయి. ఫిన్లండ్‌లో తైతో సంస్థకు రూపకర్తగా ఉన్న పావో తినెల్ (1890–1973) ఇత్తడి రేకుకు వేల సూక్ష్మ రంధ్రాలు పొడిచి, బల్బును దాచి, ఆ రంధ్రాల నుంచి మాత్రమే చుక్కలుగా వెలుగు రానిచ్చాడు. స్వీడన్‌లో హాన్స్-ఆగ్నె యాకొబ్సన్ (1919–2009) గాజు, ఇత్తడి రెండింటితోనూ పనిచేశాడు. 1742 నాటి కోస్తా, 1898 నాటి ఓరెఫోర్స్ గాజు కర్మాగారాలున్న స్మోలాండ్ ప్రాంతమే ఆయనకూ కార్యస్థానం. నేడు ప్రపంచమంతటా సేకర్తలు వెతుకుతున్నది ఎక్కువగా ఈ నలభైలు, యాభైలు, అరవైల నాటి పనినే. పాతబస్తీ ఝూమర్లకూ వీటికీ పోలిక లేదనిపించడం సహజం, కాని రెండూ ఒకే సమస్యకు రెండు కొసల నుంచి చెప్పిన జవాబులు. ఒకటి చాలని వెలుగుకు, మరొకటి మితిమీరిన వెలుగుకు.

ఈ తేడా తెలియక జరిగే నష్టం ఇక్కడా అక్కడా ఒకటే. ఝూమర్‌కు పాలతెలుపు ఎల్ఇడి బల్బులు బిగిస్తే గది వెలుగుతుంది, లోలకాలు మాత్రం చచ్చిపోతాయి. పైన చెప్పినట్టు వెడల్పైన మూలం ప్రతిబింబాల రంగులను కలిపివేస్తుంది. కొవ్వొత్తి వర్ణ ఉష్ణోగ్రత, అంటే వెలుగు పసుపుదనాన్ని చెప్పే కొలత, సుమారు 1900 కెల్విన్లు. 6500 కెల్విన్ల తెల్లటి ఎల్ఇడి కింద బంగారు పూత, ఇత్తడి రెండూ పాలిపోతాయి. పారదర్శకమైన గాజులో సన్నని తీగ కనిపించే తక్కువ శక్తి బల్బులే ఈ దీపాలకు సరైనవి. నార్డిక్ దీపాల విషయంలో చిక్కు హోల్డరు దగ్గర వస్తుంది. అవి మరతో తిప్పి బిగించే ఇ27 హోల్డరుతో వస్తాయి. భారతదేశపు ఇళ్లలో రెండు పిన్నుల బి22 హోల్డరుదే రాజ్యం. హోల్డరు మార్చినా, మధ్యలో అడాప్టరు తగిలించినా బల్బు కొన్ని సెంటీమీటర్లు కిందికి జారి సర్పిల కేంద్రం తప్పుతుంది, దాచవలసిన మూలం గొడుగు అంచు కిందినుంచి తొంగిచూస్తుంది. మర బల్బులు ఇప్పుడు ఏ కరెంటు దుకాణంలోనైనా దొరుకుతున్నప్పుడు ఈ మార్పు అనవసరం.

ఇత్తడి సంగతి గాజుకంటే సున్నితం. రాగిలో సుమారు 30 నుంచి 40 శాతం జింక్ కలిపితే వచ్చే ఈ మిశ్రమం తెలుగునాట కొత్తది కాదు. జనగామ ప్రాంతంలోని పెంబర్తి ఇత్తడి రేకు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. గాలిలోని ఆక్సిజన్, గంధకం ఇత్తడిపై గోధుమరంగు పొరను కట్టిస్తాయి, తేమ, ఆమ్లాలు తోడైతే పచ్చని చిలుము పడుతుంది. గోధుమ పొర లోహాన్ని కాపాడుతుంది, పచ్చ చిలుము తింటుంది; రెండింటినీ ఒకే గాటన కట్టి తోమేయడం పెద్ద పొరపాటు. ఇంట్లో చింతపండుతో తోమినప్పుడు అందులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడును కరిగిస్తుంది. చెంబుకు అది మంచిదే. పాత దీపంమీద అదే ఆమ్లం ఎక్కువసేపు నిలిస్తే పైపొరలోని జింక్ పోయి గులాబీ రంగు రాగి మచ్చలు తేలుతాయి, అవి మళ్లీ పసుపు కావు. అంతకంటే ముఖ్యంగా, తోమడంలో పోయేది పైన పూసిన వార్నిష్. పాత యూరప్ దీపాల ఇత్తడికి లక్క నుంచి తీసిన షెల్లాక్ పూసేవారు. ఆ లక్కకు ప్రధాన వనరు భారతదేశమే. చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో చేతి గాజులకు వాడేదీ అదే లక్క. షెల్లాక్ ఆల్కహాల్‌కు కరుగుతుంది, ఆ తర్వాత వచ్చిన నైట్రోసెల్యులోజ్ వార్నిష్‌ను అసిటోన్ కరిగిస్తుంది. దీపం అడుగున కనిపించని చోట దూదితో చేసే చిన్న పరీక్ష వయసును సూచిస్తుంది.

ఇత్తడిని అమ్మోనియా ఎలా విరగ్గొడుతుందో ప్రపంచం నేర్చుకోవడానికి దారితీసింది భారతదేశంలోని అనుభవమే. బ్రిటిష్ సైన్యపు ఇత్తడి తూటా తొడుగులు వానాకాలంలో తమంతట తామే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమ్మోనియా తేమతో కలిసి, తయారీలో లాగి సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి ఉన్నచోట చీలికలు తెస్తుందని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ వివరించారు. జింక్ 15 శాతం మించిన ఇత్తడికి ఈ బెడద ఎక్కువ. స్కాండినేవియా దీపాల గొడుగులు తిరిగే అచ్చుమీద రేకును నొక్కి చేసినవి కనుక వాటిలోనూ అలాంటి ఒత్తిడి ఉండే అవకాశం ఉంది. అమ్మోనియా కలిసిన పాలిష్ ద్రవాలను వాటికి దూరంగా ఉంచాలి. వానాకాలం గాజుకూ గడ్డుకాలమే. క్షారం ఎక్కువై, సున్నం తక్కువైన గాజు తేమకు చెమర్చి, జిగటగా మారి, చివరికి సన్నని నెరియలు విచ్చుతుంది. లోలకాలను కలిపే కొక్కేలు ఇనుపవైతే తుప్పు ఉబ్బి రంధ్రం దగ్గర గాజును చీలుస్తుంది, అందుకే ఇత్తడి కొక్కేలే పెట్టాలి.

పురానాపూల్ వైపు ప్రతి గురువారం సాగే జుమ్మెరాత్ బజార్‌లోను, 1892 నాటి గడియారపు గోపురం ఉన్న మహబూబ్ చౌక్ పరిసరాల్లోను పాత సామాను కొనేవారికి ఈ జ్ఞానం వెంటనే అక్కరకు వస్తుంది. అయస్కాంతం అంటుకుంటే ఇత్తడి పూసిన ఇనుము. లోలకం చేతికి బరువుగా ఉందా అన్నది మంచి పరీక్ష; మామూలు గాజు సాంద్రత 2.5 అయితే 30 శాతం సీసపు గాజు 3 దాటుతుంది. తక్కువ తరంగదైర్ఘ్యపు అతినీలలోహిత దీపం కింద సీసపు గాజు సాధారణంగా లేత నీలంగా మెరుస్తుంది. కొత్త షాండ్లియర్లలో ఎక్కువగా కనిపించే కె9 అనే గాజులో సీసం ఉండదు, వక్రీభవన గుణకం 1.52 దగ్గరే ఉంటుంది. అది మోసపు సరుకేమీ కాదు, పాతదని చెప్పి అమ్మితేనే మోసం. లోలకాలన్నీ ఒకేలా ఉండాలని పట్టుబట్టడం తగదు. వందేళ్లలో కొన్ని పగలడం, కొత్తవి చేరడం సహజం, చేతితో సానబట్టినవాటి పట్టెల అంచులు కొద్దిగా అసమానంగా ఉండటం కూడా వయసుకు గుర్తే. నార్డిక్ దీపాల్లో హోల్డరుమీద, పైకప్పు గిన్నె లోపల అచ్చువేసిన సంస్థ ముద్రల కోసం, అతికించిన కాగితపు చీటీల కోసం చూడాలి.

కొన్న తర్వాత మొదటి పని వైరింగ్ మార్పించడం, ఎందుకంటే పాత రబ్బరు తొడుగు ఎండి పొడిగా రాలిపోతుంది, ఇత్తడి ఒళ్లంతా కరెంటు ప్రసారం చేసే లోహమే. ఎర్తింగ్ వైరు లేకుండా అలాంటి దీపాన్ని వేలాడదీయడం ప్రాణాపాయం. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. గట్టి గాజు కొమ్మకు రంధ్రం చేయించవద్దు, బయటి వైపున సన్నని వైరు కట్టించాలి. తీసిన హోల్డరును, మరలను, వైరు ముక్కను, పగిలిన లోలకాన్ని పారేయకుండా ఒక సంచిలో వేసి, ఏ దీపం నుంచి ఏ తేదీన తీశారో చీటీమీద రాసి, దీపంతోపాటే ఉంచాలని సేకర్తలకు విన్నపం.